30 కిలోమీటర్ల పరుగు, 25 దగ్గర కూలబడ్డాను. మళ్ళీ ప్రయత్నించాలా, మానెయ్యాలా?

లెక్కల టీచర్:

అందరికీ నమస్తే. ఏడాదిన్నరగా ఈ రన్నర్స్ గ్రూపులో చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకపోతే రాత్రి నిద్ర పట్టేట్టు లేదు.

నాకు 41. విశాఖపట్నం మాధవధారలో ఉంటాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మూడేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులకి డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టి, అది కాస్తా పరుగులోకి దిగింది. కిందటేడు హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, 2 గంటల 24 నిమిషాల్లో అయింది. ఆ ఊపులో ఈసారి నేవీ మారథాన్ ఫుల్‌కి, అంటే 42.2 కిలోమీటర్లకి, పేరిచ్చేశాను. ఇంకా అయిదు వారాలుంది.

నిన్న ఆదివారం 30 కిలోమీటర్లు చెయ్యాలి. బీచ్‌రోడ్డు మీద కాళీమాత గుడి దగ్గర పొద్దున 4:20కి మొదలుపెట్టాను. నాతో మా వీధి కుర్రాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళది 20 మాత్రమే. కార్తీకమాసం కదా, అంత చీకట్లో కూడా ఇసుకలో ఆడవాళ్ళు దీపాలు పెడుతున్నారు, గాలి చల్లగా ఉంది, కబుర్లు చెప్పుకుంటూ తేలిగ్గా వెళ్ళిపోయాం. మొదటి పది 66 నిమిషాలు. రుషికొండ దగ్గర కుర్రాళ్ళు వెనక్కి తిరిగేశారు. నేను ఒక్కదాన్నే తొట్లకొండ వైపు వెళ్ళి 15 దగ్గర తిరిగాను. అప్పటికి గంట 41. తర్వాతి అయిదు 38 నిమిషాలు, ఆ తర్వాతి అయిదు 45. అంకెలు చూస్తేనే మీకు అర్థమైపోతుంది.

జోడుగుళ్ళపాలెం దాటేటప్పటికి పరుగు కాదది, కాళ్ళు ఈడ్చడం. రోడ్డు పక్కన చేపలు ఎండేస్తున్న ఒకావిడ నన్ను చూసి, "ఏటమ్మా, ఎవులైనా తరుముతున్నారేటి?" అని నిజంగానే అడిగింది. నవ్వడానికి కూడా మొహం సహకరించలేదు. సముద్రం ఎడమవైపు, ఎండ కూడా ఎడమవైపే. ఎడమ చెంప మాత్రం పెనం మీద పెట్టినట్టుంది.

అసలు నన్ను ఆపింది ఏంటో చెప్తే నవ్వుతారు. కైలాసగిరి కింద టెన్నేటి పార్కు ఎత్తు మొదలయ్యేచోట వాచీలో 25 పడింది. బుర్ర ఊరుకోదుగా. 30లో 25 అంటే ఆరింట అయిదు వంతులు. మిగిలింది ఇంతవరకు చేసినదాంట్లో అయిదో వంతు. 3 గంటల 4 నిమిషాల్లో అయిదో వంతు 37 నిమిషాలు. కానీ ఇప్పటి స్పీడుకి 45. అంతవరకు పర్లేదు. ఆ వెంటనే, "ఇదే పోటీ రోజైతే ఇంకా 17.2 ఉండేది" అని ఇంకో లెక్క వచ్చింది. అంతే. పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. మళ్ళీ లేవలేదు.

మావారికి ఫోన్ చేస్తే స్కూటీ మీద వచ్చారు. ఏమీ అడగలేదు, కొబ్బరిబొండం కొట్టించి చేతిలో పెట్టారు. అదే ఇంకా ఏడుపొచ్చింది. వెనకాల కూర్చుని హెల్మెట్ లోపల ఇసుకతోట వరకు ఏడ్చాను.

నా ప్రశ్నలు: ఇది ఒంట్లో శక్తి అయిపోవడమా, మనసు చేతులెత్తేయడమా? వచ్చే ఆదివారం మళ్ళీ 30కి వెళ్ళాలా? అలాంటి చోట మీరంతా ఎలా నెట్టుకొస్తారు? "పాజిటివ్‌గా ఆలోచించండి" అనే సలహా మాత్రం వద్దు, మా స్కూల్లో ఆ పోస్టర్ ఉంది.

బీచ్‌రోడ్ బ్యాచ్:

టీచర్ గారూ, 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కూడా సరిగ్గా అక్కడే ఒడ్డెక్కి కూర్చుంది. దాన్ని కదపడానికి నానా తంటాలు పడ్డారు. మిమ్మల్ని స్కూటీ మీద తీసుకుపోయారు. మీ పరిస్థితే నయం.

స్ప్లిట్ టైమ్:

నేను ముందు మీ అంకెలే చూశాను. కిందటేడు హాఫ్ 2:24 అంటే కిలోమీటరుకి 6:49 (6 నిమిషాల 49 సెకన్లు). అది పోటీలో, మీ శక్తంతా పెట్టి పరిగెత్తింది. నిన్న ట్రైనింగ్ పరుగులో మొదటి పది 6:36! మీ పోటీ వేగం కన్నా ఎక్కువ వేగంతో 30 మొదలుపెట్టారు. మిమ్మల్ని ఆపింది 25వ కిలోమీటరు కాదు మేడం, మూడో కిలోమీటరు. కుర్రాళ్ళ కబుర్లలో మీకు తెలీలేదంతే.

హాఫ్ 2:24 వాళ్ళకి ఫుల్ అయిదు గంటల అటూ ఇటూ. అంటే పోటీ రోజునే 7:05, 7:10. ఆదివారం పొడవు పరుగు అంతకన్నా నెమ్మదిగా, 7:40 నుంచి 8 లోపల ఉండాలి. ఇబ్బందిగా అనిపించేంత నెమ్మదిగా. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట్లాడుతూనే ఉన్నాం కదా అంటారేమో. ఎవరెక్కువ మాట్లాడారో గుర్తు తెచ్చుకోండి. కుర్రాళ్ళు మాట్లాడుంటారు, మీరు "ఊఁ" కొట్టుంటారు.

రెండోది తిండి. సుమారు లెక్క ఏంటంటే, పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ ఖర్చు. మీరు 58 కిలోలు అనుకుంటే 30 కిలోమీటర్లకి 1,740. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకునే పిండిపదార్థం, అదే గ్లైకోజెన్, బాగా తిన్న మనిషిలో 400 నుంచి 500 గ్రాములు. అంటే 1,600 నుంచి 2,000 కేలరీలు. కొవ్వు కూడా కాలుతుంది గానీ వేగం పెరిగేకొద్దీ ఒళ్ళు కొవ్వుని వదిలి గ్లైకోజెన్ మీద పడుతుంది. మీరు మొదటి గంటలోనే దాన్ని దుబారాగా ఖర్చుపెట్టేశారు. దారిలో ఏం తిన్నారో రాయలేదు. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. ఒక మాదిరి అరటిపండులో 25 పైచిలుకు ఉంటుంది.

మూడోది మన ఊరు. చలికాలం వచ్చిందనుకుంటాం గానీ సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కడికీ పోదు. చెమట పడుతుంది, ఆరదు. ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. అందుకే ఒకే వేగంతో వెళ్తున్నా రెండో గంటలో గుండె వేగం ఎక్కుతూ పోతుంది. బెంగళూరు వాళ్ళ టైములు చూసి మనం గుండెలు బాదుకోనక్కర్లేదు.

డాక్‌యార్డ్ ఫిట్టర్:

అమ్మా, నాకు 63. డాక్‌యార్డులో 33 ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఫుల్ మారథాన్‌లు నాలుగు చేసాను, రెండిట్లో నడిచే వచ్చీసాను, సిగ్గేటి లేదు.

పై బాబు లెక్కలు బాగానే చెప్పినాడు. నేను లెక్కల మనిషిని కాను గానీ పంపుల మనిషిని. పంపు మోత పెట్టిందంటే రెండు రకాలమ్మా. లోపలికి నీళ్ళందక పెట్టే మోత ఒకటి, గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంటాది. అది వినబడితే ఎవుడైనా సరే స్విచ్ కట్టేయాల. ఆపకపోతే ఇంపెల్లర్‌ని, అదే లోపల తిరిగే రెక్కల చక్రాన్ని, తినీస్తాది. రెండోది లోడెక్కితే పెట్టే మోత. అది బరువుగా, ఒకేలాగ ఉంటాది. కొత్తగా వచ్చిన గుంటలు దానికీ భయపడి ఆపీడానికి పరిగెడతారు. ఆపొద్దురా, అది దాని పని అని చెప్పీవోణ్ణి. నీకు నిన్న వచ్చింది మొదటి మోత. నీళ్ళందలేదు, తిండందలేదు. కూర్చోడం తప్పు కాదు. రేపు అన్నీ అందించుకుని ఎల్లినా 25 తర్వాత ఇంకో మోత వస్తాది చూడు, దానికి మాత్రం ఆగకు. రెండూ ఒకటే అనుకోబట్టే సగం మంది ఆగాల్సిన చోట ఆగరు, ఆగకూడని చోట ఆగుతారు.

ఇంకోటి. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసావా ఎప్పుడైనా? ఆషాఢ పున్నానికి. 32 కిలోమీటర్లు. మీ మారథాన్ వాళ్ళు పెద్ద పరుగు అని చెప్పుకునీది కూడా అంతే కదా. మా అమ్మ 70 దాటినాక కూడా చెప్పుల్లేకుండా తిరిగింది. కొండ కింద తొలిపావంచా, అదే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. ఆ జనంలో ఎవులైనా "ఎన్ని కిలోమీటర్లు అయినాయి" అని అడగ్గా విన్నావా? "అడివివరం దాటామా? హనుమంతవాక వచ్చిందా? అప్పుఘర్‌లో సముద్రంలో మునగాల. ఎన్‌ఏడీ వచ్చీసింది, ఇంక గోపాలపట్నమే" అంటారు. ఊళ్ళ పేర్లే గానీ అంకెలుండవు. నువ్వేమో ఆ ఎత్తు కింద నిల్చుని భిన్నాలు చేసుకున్నావు. భిన్నాలు చేస్తే ఎవుడికైనా కాళ్ళు లాగేస్తాయి.

ఇంకా చూడు, ఆళ్ళు దారంతా తింటానే ఉంటారు. పులిహోర, మజ్జిగ, బిస్కట్లు, అరటిపళ్ళు, ఎవులు ఏటి పెడితే అది. ఆకలేసినాక తినరు, చెయ్యి చాపి ఇచ్చినప్పుడల్లా తింటారు. మా అమ్మకి గ్లైకోజెన్ తెల్దు.

స్ప్లిట్ టైమ్:

బాబాయ్, ఎనిమిది గంటలు నడవడం వేరు, నాలుగు గంటలు పరిగెత్తడం వేరు. పోలిక కుదరదు. పంపు మాట మాత్రం నోట్ చేసుకున్నా.

డాక్‌యార్డ్ ఫిట్టర్:

కుదరదులే. నువ్వొకసారి చెప్పుల్లేకుండా తిరిగి రా, అప్పుడు మాట్లాడదాం.

నైట్ డ్యూటీ:

అక్కా, నేను నర్సుని, 10 కిలోమీటర్ల బ్యాచ్. మీకు సలహా ఇచ్చే ముందు నాకు కొన్ని జవాబులు కావాలి. శనివారం పొద్దుట్నుంచి ఏం తిన్నారు, గంటలతో సహా చెప్పండి. పరుగులో ఎంత తాగారు, ఏం తాగారు? నెలసరి ఏ రోజు? హిమోగ్లోబిన్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? ఆడవాళ్ళలో 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. అలాంటి ఒంటితో 30 కిలోమీటర్లు అంటే ఏ మనోబలమూ పనిచెయ్యదు. బయల్దేరే ముందు నొప్పి మాత్ర ఏమైనా వేసుకున్నారా? చాలామంది వేసుకుంటున్నారు, చెప్పరు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి. వద్దు.

ఇంకా "నెట్టుకురావడం" అనే మాట ఇక్కడ అందరూ తేలిగ్గా వాడేస్తున్నారు కాబట్టి చెప్తున్నాను. ఎండలో రోమాలు నిక్కబొడుచుకుని చలేసినా, తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పక్కనున్నవాళ్ళు పిలిస్తే తికమకగా జవాబు చెప్తున్నా, అక్కడితో ఆపెయ్యాలి. నీడ, నీళ్ళు, అవసరమైతే ఆసుపత్రి. అందులో చర్చ లేదు.

లెక్కల టీచర్:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. నర్సు చెల్లి అడిగినవాటికి వరసగా చెప్తాను, తిట్టకూడదు.

నొప్పి మాత్ర లేదు. నెలసరి మొన్న వారమే అయిపోయింది. హిమోగ్లోబిన్ ఈ సాయంత్రం ఇచ్చొచ్చాను: 12.4. పరుగులో అర లీటరు బాటిల్ ఒకటి, రుషికొండ దగ్గర టీ బండి ఆయన ఇచ్చిన గ్లాసుడు నీళ్ళు. 15 దగ్గర అరటిపండు ఒకటి. బయల్దేరే ముందు టీ, రెండు బిస్కెట్లు.

ఇక శనివారం... పెళ్ళయిన దగ్గర్నుంచి శనివారం ఒంటిపొద్దు ఉంటాను. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఒక అరటిపండు, రాత్రి దీపం పెట్టాక రెండు ఇడ్లీలు. పదహారేళ్ళుగా అలవాటు, అసలది "తినకపోవడం" అనే నాకు అనిపించదు. మీరు గంటలతో సహా రాయమంటే రాస్తూ రాస్తూ పెన్ను ఆగిపోయింది. ప్రతి పొడవు పరుగూ ఆదివారమే. అంటే ఆరు నెలలుగా ప్రతి వారం ఖాళీ ట్యాంకుతో బయల్దేరుతున్నాను. హాఫ్ వరకు సరిపోయింది కాబట్టి తెలీలేదు.

నైట్ డ్యూటీ:

అక్కా, నాకిక వేరే ప్రశ్నలు లేవు.

తిట్టను గానీ ఒక పని చెయ్యండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, అదే లీటరు ప్యాకెట్ అయితే. కొంచెం కొంచెం చిలకరించుకుని తాగడం కాదు. అలాగని భయపడి కుండలకి కుండలు మంచినీళ్ళు తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఎంత తాగాలో మీ ఒళ్ళే చెప్తుంది. బయల్దేరే ముందు, వచ్చాక తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ సుమారు లీటరు చెమట పోయినట్టు. దారిలో తాగింది కూడా దానికి కలపండి. లెక్కల టీచర్‌కి ఇది చెప్పక్కర్లేదు. మొత్తం తిరిగి తాగెయ్యాలని కాదు, రెండు శాతానికి మించి బరువు పోకుండా చూసుకుంటే చాలు.

హాఫ్ చాలు:

అందరూ ఎలా పూర్తిచెయ్యాలో చెప్తున్నారు, ఎందుకో ఎవరూ అడగట్లేదు. మూడు, మూడున్నర గంటలు దాటిన ట్రైనింగ్ పరుగు వల్ల వచ్చే లాభం కన్నా కోలుకోడానికి పట్టే రోజులే ఎక్కువ అనే కోచ్‌లు చాలామంది ఉన్నారు. ఫిట్టర్ గారన్న ఆ 32 కిలోమీటర్లు 7:40తో అంటే నాలుగు గంటల పైనే. మీరు సోమవారం ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పాలి. 26 దగ్గర ఆపేస్తే మునిగిపోయిందేం లేదు. ఇంకో మాట, భీమిలి వైపు ఒంటరిగా చీకట్లో ఎందుకు? సాగర్‌నగర్ దాటాక కుక్కలు, లారీలు. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ జంక్షన్ మధ్య పొద్దున బండ్లు రావు. అటూ ఇటూ తిరగండి. నీళ్ళు మీ దగ్గరే, ఇల్లు మీ దగ్గరే.

డాక్‌యార్డ్ ఫిట్టర్:

అదే కదా బాబూ చిక్కు. ఇల్లు దగ్గరుంటే కాళ్ళు ఇంటికే ఎల్తాయి. నేను ఆ రోడ్డు మీద 28 చెయ్యాలని ఎల్లి 19కే టిఫిన్ సెంటర్లో తేలాను. దూరం ఎల్లిపోయినోడు తిరిగి రాక ఏటి చేస్తాడు.

అమ్మా, ఒంటిపొద్దు సంగతి. స్వామి ఏటీ అనుకోడు. ఆయనా పొట్ట నిండా తినీ బాపతే.

హాఫ్ చాలు:

తిరిగి రాలేకే కదండీ ఆవిడ స్కూటీ పిలిపించుకున్నారు!

లెక్కల టీచర్ (రెండు వారాల తర్వాత):

మొన్న అయిపోయింది. 30. 3 గంటల 53 నిమిషాలు. వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మధ్య ఆదివారం మీరంతా చెప్పినట్టే 18తో సరిపెట్టాను. శనివారం సంగతి ఎలా తేల్చాలా అని నేను మథనపడుతుంటే మా అత్తగారు విని, "దానికింత ఆలోచనేంటే, పోటీ అయ్యేదాకా శనివారం తిను, అయ్యాక కొండకెళ్ళి చెప్పుకుందాం" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పైగా మొన్న శనివారం మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి ఏడింటికి అన్నం, బంగాళాదుంప వేపుడు, పెరుగు ఆవిడే వడ్డించారు. పదహారేళ్ళలో మొదటిసారి శనివారం రాత్రి అన్నం తిన్నాను. దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

32 వద్దనుకున్నాను. "హాఫ్ చాలు" గారి మాటలో న్యాయం ఉంది. కానీ 26 దగ్గర ఆపడానికి మాత్రం మనసొప్పలేదు. 25 దగ్గర వదిలేసిన లెక్క నాది, అది తేలాలి. అందుకే దారి కూడా మార్చలేదు. ఒంటరిగా మాత్రం వెళ్ళలేదు, మా అబ్బాయి సైకిల్ మీద వెనకే వచ్చాడు. టెన్త్ చదువుతున్నాడు, పొద్దున్నే లేపినందుకు రుషికొండ వరకు నాతో మాట్లాడలేదు. ఒకందుకు మంచిదే, మొదటి పది వేగం పెరగలేదు: 77 నిమిషాలు. నడిచేవాళ్ళు కూడా దాటి వెళ్ళిపోతున్నారేమో అన్నంత నెమ్మది. వాచీ మీద రిస్ట్‌బ్యాండు లాగేసి కప్పేశాను, కిలోమీటరుకోసారి "టింగ్" వినడమే.

పరుగులో శక్తి కోసం మింగే తీపి జెల్‌లు కొనలేదు. అనకాపల్లి బెల్లం బొటనవేలంత ముక్కలు కోసి ఎనిమిది పెట్టుకున్నాను. 18 కిలోమీటర్ల రోజు బటర్ పేపర్లో చుడితే చెమటకి కరిగి జేబంతా పాకం అయింది, చీమలు పట్టిన షార్ట్స్ ఉతికింది నేనే. ఈసారి జిప్ కవర్లో పెట్టాను. ఒక్కో ముక్క 20 గ్రాములు, అరగంటకొకటి, పైన రెండు గుక్కల ఓఆర్‌ఎస్. ఆకలి వేసినా వేయకపోయినా. గిరి ప్రదక్షిణ పద్ధతి.

20 వరకు చెప్పుకోడానికేం లేదు. సాగర్‌నగర్ దగ్గర కాళ్ళు బరువెక్కాయి. ఇక్కడే నా సమస్య. ఫిట్టర్ బాబాయ్ అంకెలొద్దు, ఊళ్ళ పేర్లు అనుకోమన్నారు. ప్రయత్నించాను. "జోడుగుళ్ళపాలెం వచ్చేస్తుంది" అనుకుంటే, వెంటనే "అంటే ఇంకా ఆరున్నర" అని లోపల్నుంచి జవాబు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్పిన బుర్ర, పొమ్మంటే పోదు. సరే, లెక్క కావాలంటే లెక్కే ఇద్దామని పదిహేడో ఎక్కం ఎత్తుకున్నాను. అడుగులకి సరిగ్గా కుదిరింది. పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు, పదిహేడు మూళ్ళు యాభై ఒకటి. పది వరకు వెళ్ళడం, మళ్ళీ మొదటికి రావడం. మా అబ్బాయి "అమ్మా, బయటికి వినిపిస్తోంది" అన్నాడు. వినిపించనీ.

ఆ చేపలావిడ అక్కడే ఉంది. "ఈయేల తరమట్లేదేటి?" అంది. "ఈయేల మా అబ్బాయి తరుముతున్నాడు" అన్నాను. మాట్లాడగలిగానని ఆ తర్వాత తట్టింది.

టెన్నేటి పార్కు ఎత్తు. ఆ పిట్టగోడ, నేను కూర్చున్న చోటు. కాళ్ళు బరువు, ఊపిరి బరువు, కానీ ఒకేలాగ. గులకరాళ్ళ మోత లేదు. లోడ్ మోతే అనుకుంటూ ఎక్కుతున్నాను. సగం ఎత్తులో "పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు" అనేశాను. వెనకనుంచి వాడు "ముప్ఫై ఆరు" అన్నాడు. నా జీవితంలో పదిహేడో ఎక్కం తప్పు చెప్పడం ఇదే మొదటిసారి. సిగ్గు పడాల్సింది పోయి, అక్కడే అర్థమైంది: బెల్లం ముక్క వేసుకుని నలభై నిమిషాలు దాటింది, మాటల్లో పడి మర్చిపోయాను. నడుస్తూ రెండు ముక్కలు నమిలి, ఓఆర్‌ఎస్ తాగి, వంద అడుగులు నడిచి, మళ్ళీ కదిలాను. లాసన్స్ బే దాటేటప్పటికి ఎనిమిదులు నూట ముప్ఫై ఆరు తనంతట తనే వచ్చేసింది. అది శాస్త్రమో కాదో నాకు తెలీదు, స్ప్లిట్ టైమ్ గారు ఏమైనా అననీ, పోటీ రోజు కూడా నా పెట్రోల్ మీటర్ అదే.

చివరి రెండు కిలోమీటర్లు బాగాలేవు. బాగున్నాయని అబద్ధం చెప్పను. బీచ్ ఒడ్డున సబ్‌మెరీన్ మ్యూజియం కనిపిస్తూనే ఉంటుంది, దగ్గరికి రాదు. రెండుసార్లు ఆపెయ్యాలనిపించింది, ఒకసారి మా అబ్బాయిని అకారణంగా కసిరాను. కానీ ఆపడానికి కారణం వెతికితే దొరకలేదు. కాళ్ళు నొప్పి, అంతే.

బరువు: బయల్దేరే ముందు 58.2, వచ్చాక 57.3. దారిలో తాగింది 1.6 లీటర్లు. అంటే రెండున్నర లీటర్ల చెమట. సోమవారం ఆరు పీరియడ్లూ చెప్పాను, అందులో నాలుగు కూర్చునే.

ఇంకో ప్రశ్న. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది, కొంచెం కదులుతోంది. పీకెయ్యాలా, ఉంచాలా?

నైట్ డ్యూటీ:

ముట్టుకోకండి. శుభ్రంగా ఉంచి టేప్ వెయ్యండి, ఎప్పుడు ఊడాలో దానికి తెలుసు. చీము పట్టినా, విపరీతంగా సలుపు పెట్టినా డాక్టరుకి చూపించండి. బూట్లు అర సైజు పెద్దవి కొనుక్కోండి, ఇప్పుడే కొంటే పోటీలోపు అలవాటవుతాయి.

డాక్‌యార్డ్ ఫిట్టర్:

నాకు ఆరు గోళ్ళు పోయాయమ్మా, అన్నీ మళ్ళీ మొలిచాయి. ఆ గుంటడికి సైకిల్ తొక్కినందుకు ఏటైనా కొనిపెట్టు.